రెండు డిగ్రీల అబద్ధం

నేను ఒక థర్మామీటర్‌ని. జ్వరం వస్తే మీ నాలుక కింద దూరేవాడిని కాదు. ఆ నోటివాసనల ఉద్యోగం నాకు పడలేదు, అంతవరకు దేవుడి దయ. నేను నీళ్లవాడిని. జానెడు పొడుగు, చిటికెన వేలికంటే సన్నం. లోపల ఎర్ర రంగు కలిపిన స్పిరిట్, దాని వెనక గీతలూ అంకెలూ ఉన్న తెల్ల కాగితం, నెత్తిన తాడు కట్టుకోవడానికి చిన్న గాజు కొక్కెం. ప్రస్తుతం భీమిలి దారిలో రంగుచేపలు పెంచే ఒక షెడ్డులో గోడ మేకుకు వేలాడుతున్నాను. తీరిక ఉంది, వినేవాళ్లు దొరికారు. ఇక నన్ను ఆపడం కష్టం.

ముందే ఒక సంగతి ఒప్పుకుంటాను. నేను రెండు డిగ్రీలు ఎక్కువ చెబుతాను. నీళ్లు ఇరవై ఆరులో ఉంటే ఇరవై ఎనిమిది అంటాను, ముప్పైలో ఉంటే ముప్పై రెండంటాను. ఎప్పుడూ రెండే, అంతకు మించి ఒక్క గీత కూడా అబద్ధమాడి ఎరగను. మీలో చాలామందికి ఈ నిలకడ లేదు. వయసు అడిగితే ఐదు తగ్గిస్తారు, ఎక్కడున్నావని ఫోన్ చేస్తే ఇంట్లో చెప్పులు వెతుక్కుంటూ ‘వచ్చేశాను, సందు చివర ఉన్నాను’ అంటారు. మీ మాటలో ఎంత తీసెయ్యాలో, ఎంత కలపాలో ఎవరు చెప్పగలరు?

ఈ లోపం నాకు పుట్టుకతో వచ్చింది. నేను పుట్టింది అంబాలాలో, ఒక సందులోని చిన్న గాజు కార్ఖానాలో. మంట ముందు కూర్చున్న ముసలాయన నన్ను ఊది, సాగదీసి, ముద్దుగా తయారుచేశాడు. ఆయన పనిలో వంక పెట్టడానికి లేదు. ఆ తర్వాత గీతల కాగితాన్ని గొట్టంలోకి దూర్చి అంటించే మనిషి దగ్గరకు వచ్చాను. సరిగ్గా నా వంతు వచ్చినప్పుడు ఆయన పక్కవాడితో క్రికెట్ గురించి వాదిస్తున్నాడు. కాగితం బియ్యపు గింజంత కిందకు జారింది. గొట్టానికి సీలు పడింది. ఆ మ్యాచ్ ఎవరు గెలిచారో నాకు తెలియదు, ఓడిపోయింది మాత్రం నేనే.

రైలెక్కి విశాఖపట్నం వచ్చి, లాబ్ సామాన్ల కొట్టులో ఒక సంవత్సరం దుమ్ము తిన్నాక, చక్రధర్ గారు నన్ను కొన్నారు. సముద్రం ఒడ్డున ఒక రొయ్యపిల్లల హేచరీకి ఆయన పెద్ద. సన్నగా, కళ్లజోడుతో, ఎప్పుడూ ఏదో మరిచిపోయినట్టు జేబులు తడుముకుంటూ తిరిగేవారు. హేచరీ అంటే వరసగా సిమెంటు తొట్లు, వాటి నిండా వడగట్టిన సముద్రపు నీళ్లు, ఆ నీళ్లలో కంటికి ఆనీ ఆనని లక్షల పిల్లలు. వాటికి నీళ్ల వేడి పొద్దునొకటి, సాయంత్రమొకటి ఉండకూడదు. అటూ ఇటూ అయితే తొట్టి మొత్తం తెల్లారేసరికి అడుగున పేరుకుంటుంది. అందుకని రోజుకు ఆరుసార్లు నన్ను నీళ్లలో ముంచి చూసేవారు.

ఆ ముంచే చెయ్యి నూకరత్నానిది. మధురవాడ నుంచి బస్సులో వచ్చేది. గాజులు పైకి తోసుకుని, బకెట్లు మోసి, తొట్లు కడిగి, పిల్లలకు మేత వేసేది. నేను చేరిన మూడో రోజున నన్ను తొట్టిలో ముంచి, అంకె చూసి, ముఖం చిట్లించింది. వెంటనే చీర కొంగు దోపుకుని మోచెయ్యి నీళ్లలో పెట్టింది. వేళ్లు కాదు, మోచెయ్యి. వేళ్లు పని చేసీ చేసీ మొద్దుబారిపోతాయని ఆమె నమ్మకం.

“సారూ, ఈ ఎర్రోడు రెండెక్కువ సెప్తన్నాడు” అంది.

చక్రధర్ గారు నవ్వి, తన సొంత పాదరసం థర్మామీటర్ తెచ్చి నా పక్కన ముంచారు. ఆయన నవ్వు ఆగింది. సరిగ్గా రెండు.

నన్ను పారేస్తారని భయపడ్డాను. పారెయ్యలేదు. హేచరీలో అలాంటివి పారేసే అలవాటు లేదు. ‘ఎర్రోడికి రెండు కొట్టెయ్యి’ అనే మాట ఆ రోజు పుట్టింది, వారంలో అందరి నోటా పడింది. కొత్తగా చేరినవాళ్లకు ముందు మంచినీళ్ల కుండ ఎక్కడుందో చూపించి, తర్వాత ఈ మాట చెప్పేవారు. కానీ నా మీద ఒక చీటీ అతికించాలని గానీ, పుస్తకంలో ఒక ముక్క రాసి పెట్టాలని గానీ ఎవరికీ తోచలేదు. అందరికీ తెలిసిన విషయాన్ని మనుషులు ఎక్కడా రాయరని అప్పుడే గమనించాను.

పద్దెనిమిదేళ్లు నూకరత్నం చేతిలో మునిగి తేలాను. నన్ను చూడటం, మనసులో రెండు తీసెయ్యడం, సరైన అంకె రాయడం ఆమెకు రెప్ప వేసినంత సహజమైపోయింది. తీసేస్తున్నానన్న సంగతి కూడా ఆమెకు గుర్తుండేది కాదు.

ఒక ఏడాది యజమాని ఆ స్థలాన్ని రిసార్టు వాళ్లకు అమ్మేశాడు. ఆఖరి రోజున చక్రధర్ గారు సామాన్లు పంచారు. మంచి పాదరసం థర్మామీటర్ తన జేబులో వేసుకుని, నన్ను నూకరత్నం చేతిలో పెట్టి, “ఇన్నేళ్లూ నీ చేతిలోనే ఉన్నాడు కదా, నువ్వే తీసుకెళ్లు” అన్నారు. దానం చెయ్యడంలో మనుషులు చూపించే ఈ జాగ్రత్త నాకు ముచ్చటేస్తుంది. నూకరత్నం మాత్రం అదేమీ చూడలేదు. నన్ను రుమాల్లో చుట్టి, బస్సులో కిటికీ పక్కన కూర్చుని మధురవాడ వరకు ఏడుస్తూనే ఉంది.

ఇంట్లో ఆమె భర్త జోగారావు. ఏసీలూ ఫ్రిజ్‌లూ బాగుచేస్తాడు. ఇంటి ముందు గదే వర్క్‌షాపు. భారీ మనిషి, గొంతు చిన్నది. మనుషులతో తక్కువ, యంత్రాలతో ఎక్కువ మాట్లాడతాడు. కంప్రెసర్ మొరాయిస్తే ‘ఏటమ్మా, ఏటైనాది నీకు’ అని బుజ్జగిస్తాడు. ఊరందరి ఇళ్లూ చల్లబరిచే ఆ మనిషి ఇంట్లో తిరిగేది ఒక్క సీలింగ్ ఫ్యాను.

నూకరత్నం ఖాళీగా కూర్చోలేక గిన్నెల మీద గిన్నెలు తోముతున్న రోజుల్లో, కార్తీక మాసంలో, జోగారావు తన ట్రాలీ ఆటోలో ఒక మూడడుగుల గాజు ట్యాంకు తెచ్చాడు. తొమ్మిదో అంతస్తులో ఉండే ఒకాయనకు సముద్రపు ట్యాంకు సరదా పుట్టి, ఏడాదిలో తీరిపోయింది. నీళ్లను చల్లగా ఉంచే ఖరీదైన చిల్లర్‌ను ఎవరికో అమ్మేసుకుని, మిగతాది తీసుకుపొమ్మన్నాడు. ఎండలు మండే ఊళ్లో చల్లబరిచే యంత్రం పోయి, నీళ్లు వేడిచేసే హీటరు మాత్రం ట్యాంకుతోపాటు మా ఇంటికి వచ్చింది. జోగారావుకు పనికొచ్చేది ఆ గాజు, అంతే. నూకరత్నం మాత్రం బకెట్లలోకి తొంగి చూసి అక్కడే కూలబడింది.

“ఓలమ్మా! వీటిని పారబొయ్యమన్నాడేటి ఆ మహానుబావుడు?”

బకెట్లలో ఉన్నవి నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న క్లౌన్ చేపల జంట, రాళ్ల మీద పెరిగే నాలుగైదు మెత్తటి పగడాలు, ఒక సముద్రపు పువ్వు. పువ్వంటే నిజంగా పువ్వు కాదు, జంతువే. రాయిని పట్టుకుని, వేళ్లలాంటి రెక్కలు ఊపుతూ ఉంటుంది. క్లౌన్ చేపలకు అదే ఇల్లు, అదే మంచం. దాని ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురముంటుంది. రంగూ తిండీ ఆ నాచు పెట్టే భిక్షే. నీళ్లు వేడెక్కితే నాచు ఇల్లు ఖాళీ చేస్తుంది. అప్పుడు పువ్వు తెల్లగా పాలిపోయి, ఆకలితో చచ్చిపోతుంది.

ఇదంతా నూకరత్నానికి ఎవరూ చెప్పలేదు. నీళ్లు తెలిసిన మనిషి కాబట్టి నెలలోపే కనిపెట్టింది. జాలరుల చేత లోపలి సముద్రం నీళ్లు తెప్పించి, హేచరీలో లాగే తేర్చి, గుడ్డలో వడగట్టి పోసింది. నన్ను తాడుతో ట్యాంకు మూలన వేలాడదీసింది. చలికాలం హాయిగా గడిచింది. హీటరు తన పని తాను చేసుకునేది, నేను నా అబద్ధం నేను చెప్పుకునేదాన్ని... కాదు, చెప్పుకునేవాడిని. ఆమె నన్ను ఎర్రోడనేది కదా, మర్యాద నిలబెట్టుకోవాలి.

మాఘంలో క్లౌన్ చేపలు పువ్వు పక్కనున్న రాయి మీద గుడ్లు పెట్టాయి. పిల్లలు పుట్టి, రెండు రోజుల్లో పోయాయి. నూకరత్నం చక్రధర్ గారికి ఫోన్ చేసింది. ఆయన అప్పటికి భీమిలి దారిలో కొత్తగా కట్టిన రంగుచేపల యూనిట్‌లో చేరారు.

“ఇంట్లో క్లౌన్ గుడ్లు పెట్టిందా?” అని అరిచినంత పని చేశారు. “నూకరత్నం, నాకు ఇక్కడ గుడ్ల విభాగానికి టెక్నీషియన్ కావాలి. మా వాళ్లు డిగ్రీ ఉన్నవాళ్లనే తీసుకోమంటున్నారు. నువ్వు ముప్పై పిల్లల్ని నెల రోజులు బతికించి పట్రా, ఎవరితోనైనా వాదిస్తాను. జూన్ ఆఖరు దాకా ఆపగలను, అంతకు మించి నా వల్ల కాదు.”

పద్దెనిమిదేళ్లు తొట్లు కడిగే మనిషిగానే పిలిపించుకున్న నూకరత్నం, ఫోన్ పెట్టేసి చాలాసేపు గోడకు ఆనుకుని నిలబడింది. ఆ రోజు నుంచి ఆ ట్యాంకు సరదా కాదు. ముప్పై పిల్లలు, జూన్ ఆఖరు. నిద్రలో కూడా అదే లెక్క.

గండం ఎండాకాలంది. నీళ్లు ఇరవై ఏడు దాటకూడదు. చిల్లర్ కొనే స్తోమత లేదు. జోగారావు “మనింట్లో కంప్రెసర్లకి కరువేటి?” అని పూనుకున్నాడు. పాత కూల్‌డ్రింకు ఫ్రిజ్‌లో నీళ్ల బకెట్టు పెట్టి, ట్యాంకు నీళ్లు ఒక చుట్ట గొట్టంలో ఆ బకెట్టు గుండా తిరిగి వచ్చేలా పథకం వేశాడు. తళతళలాడే రాగి గొట్టం చుట్ట చుట్టి, గుమ్మంలో నిలబడి గర్వంగా చూపించాడు.

నూకరత్నం గుండె మీద చెయ్యి వేసుకుంది. “రాగా? మావా, రాగి తగిలిన నీల్లలో రొయ్యపిల్లే బతకదు, నా పువ్వు బతుకుతాదేటి? తీసీ! ముందు బయటికి తీసీ!”

“రాగంత బేగి సల్లబరిసేది ఇంకోటి నేదే...”

“నీ మిషను సంగతి నువ్వు సూసుకో. నీల్ల సంగతి నాకొదిలీ. ఆ ఆయిలు సేతుల్తో ఈ గుమ్మం దాటకు.”

జోగారావు ముఖం వాడిపోయింది. రాగి విప్పేసి, ప్లాస్టిక్ గొట్టం చుట్టాడు. రెండు రోజులు ఆమెతో ముక్తసరిగా మాట్లాడాడు. అప్పుడే ఏర్పాటు కుదిరింది. ట్యాంకు లోపలి గదిలో, మిషను వర్క్‌షాపులో. గుమ్మం పక్కన ఒక పలక. ఆమె గంటగంటకూ వేడి ఎంతో పలక మీద రాస్తుంది. అతను అది చూసి, ఇరవై ఏడు దాటితే పంపు వేస్తాడు. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఇప్పుడు నా పాపం వస్తుంది.

ఫాల్గుణంలో ఒకరోజు నా ఒంటికి పట్టిన తెల్లటి ఉప్పు పెచ్చు పోవాలని నూకరత్నం నన్ను వెనిగర్‌లో నానబెట్టి, కడిగి, వరండా కిటికీలో ఆరబెట్టి బజారుకు వెళ్లింది. జోగారావు నన్ను చూశాడు. వేడీ చలీ కొలిచే వస్తువు ఎదురుగా ఉంటే ఆ వృత్తివాడి చెయ్యి ఊరుకోదు. స్టీలు గ్లాసులో ఐసు ముక్కలు దంచి వేసి, కాసిని నీళ్లు పోసి, నన్ను నిలబెట్టాడు. కరిగే ఐసులో ఏ థర్మామీటర్ అయినా సున్నా చూపించాలి. నేను ఎంత ఊపిరి బిగబట్టినా రెండు దగ్గరే ఆగిపోయాను.

“ఓరి నీ! రెండెక్కువరా నువ్వు” అన్నాడు నాతో. యంత్రాలతో మాట్లాడే మనిషని చెప్పాను కదా. “ఏటనుకోకు. ఆ రోజు నిన్ను పట్టుకుని ఏడుసుకుంటా ఇంటికొచ్చింది. నువ్వు తప్పంటే దాని పద్దెనిమిదేల్లూ తప్పన్నట్టే ఉంటాది. రాగి గొట్టం కాడ నాకెలగుందో నాకు తెలుసు. దానికెందుకు ఆ బాద? అది రాసిందాంట్లో నేనే రెండు తీసీసుకుంటాన్లే.”

నన్ను తుడిచి, ఉన్నచోటే పెట్టి, ఏమీ ఎరగనట్టు వెళ్లిపోయాడు. నాకు గొంతే ఉంటే ఆ క్షణాన ఇల్లెగిరిపోయేలా అరిచేవాడిని. ఆమె తీసేసే రాస్తోందయ్యా మహానుభావా అని!

అలా ఒక్క అబద్ధాన్ని ఇద్దరు దిద్దడం మొదలుపెట్టారు. నేను ముప్పై అంటే ఆమె రెండు తీసి ఇరవై ఎనిమిది రాసేది. అది నిజం. అతను పలక చూసి, మరో రెండు తీసి, ‘ఇరవై ఆరే కదా, బాగానే ఉంది’ అనుకుని పంపు వేసేవాడు కాదు. పలక ముప్పై దగ్గరకు వస్తే గానీ అతని చెయ్యి స్విచ్ మీదకు పోయేది కాదు.

అడగొచ్చు కదా అంటారా? ఆమె అడగాలనే అనుకుంది. వర్క్‌షాపులో ఎప్పుడూ నాలుగు కంప్రెసర్లు మోగుతుంటాయి కాబట్టి పంపు నడుస్తోందనే నమ్మింది. నీళ్లు చల్లబడటం లేదంటే మిషను చాలడం లేదని అర్థం. కష్టపడి కట్టిన మనిషితో ఆ మాట ఎలా అంటుంది? రాగి రోజున అతని ముఖం ఆమె మరిచిపోలేదు. ఆమె భయపడి పలక మీద అంకెను లావుగా దిద్ది రాస్తే, అతను ‘పాపం, కంగారు మనిషి’ అనుకునేవాడు. ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదని ఇద్దరూ ఎంత జాగ్రత్తపడ్డారో, నా ట్యాంకు అంత వేడెక్కింది. పెళ్లయి పాతికేళ్లయినా భార్యాభర్తలు ఇంత మర్యాదగా ఉండటం ఒక్కోసారి ప్రమాదం.

వైశాఖం చివరికొచ్చేసరికి పగడాలు ముడుచుకున్నాయి. పువ్వు రంగు వెలిసింది. అదే వారంలో చేపలు మళ్లీ గుడ్లు పెట్టాయి, ఇంతకు ముందు ఎన్నడూ పెట్టనన్ని. జూన్ ఆఖరులోగా నెల పిల్లలు చేతికి రావాలంటే ఇవే చివరి గుడ్లు.

ఆరో రోజు మధ్యాహ్నం రెండింటికి నేను ముప్పై మూడు చూపించాను. నూకరత్నం ముప్పై ఒకటని రాసింది. అరగంట తర్వాత వచ్చి చూసింది. అదే ముప్పై మూడు. పువ్వు రెక్కలు వేలాడేసి, రాయి మీద నుంచి సగం ఊడి ఉంది. మగ చేప మాత్రం గుడ్ల దగ్గర నిలబడి, రెక్కలతో ఆపకుండా నీళ్లు విసురుతోంది. ఆమె తాడు పట్టి నన్ను బయటికి లాగింది. ఇంకో చేత్తో పలక ఊడదీసింది. పెళ్లయ్యాక మొదటిసారి కాబోలు, అంత విసురుగా వర్క్‌షాపులోకి వెళ్లింది.

జోగారావు ఒక ఏసీ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. పంపు స్విచ్ ఆఫ్‌లో ఉంది.

“మావా! పంపు ఎయ్యలేదేటి?”

“ఇప్పుడేద్దామనుకుంటన్నానే. ముప్పై ఒకటి రాసినావు కదా, అంటే ఇరవై తొమ్మిది...”

“ముప్పై ఒకటంటే ముప్పై ఒకటే! ఇరవై తొమ్మిదెక్కడిది?”

జోగారావు నన్ను చూశాడు. తర్వాత నేల చూశాడు. “రత్నం, నువ్వు బాదపడతావని సెప్పలేదు. ఆ ఎర్రోడు రెండెక్కువ సెప్తాడే. ఐసులో పెట్టి సూసినాను. అందుకే నువ్వు రాసిందాంట్లో రోజూ రెండు తీసీసుకుంటన్నాను.”

నూకరత్నం తన చేతిలోని పలక వైపు చూసుకుంది.

“నాను తీసీసే రాస్తన్నాను కదయ్యా” అంది. “పద్దెనిమిదేల్ల నుంచి తీసీసే రాస్తన్నాను.”

ఇద్దరూ నా వైపే చూస్తూ నిలబడ్డారు. ఆ చూపుల మధ్య నేను పడిన సిగ్గు మీకు చెప్పలేను. గది వేడికి ఎర్ర స్పిరిట్ నా మెడ దాకా ఎక్కింది గానీ, అది సిగ్గు వల్లే అని నేనంటాను.

ముందు కదిలింది జోగారావే. పంపు వేసి, “ఐసు దిమ్మ పట్టుకొచ్చి పడేస్తానుండు” అని పరిగెత్తబోయాడు. ఆమె చొక్కా పట్టుకుని ఆపింది.

“వొద్దు. ఒక్కపాలి సల్లబడితే ఏడికన్నా బేగి సచ్చిపోతాయి. గంటకి ఒక్క గీత, అంతకన్నా ఎక్కువ దిగకూడదు. నువ్వు సేతులు కడుక్కుని లోపలికి రా.”

అతను మూడుసార్లు సబ్బుతో, ఆరుసార్లు మంచినీళ్లతో మోచేతుల దాకా కడుక్కున్నాడు. రాగి రోజు తర్వాత మొదటిసారి ఆ గుమ్మం దాటాడు. ట్యాంకు మీద లైట్లు ఆపేశారు. నీళ్ల మీదకు టేబుల్ ఫ్యాను పెట్టారు. మూత బిగించిన ఐసు సీసాలు రెండేసి తేల్చి, నేను ఒక గీత దిగగానే తీసేశారు. ఫ్యాను గాలికి నీళ్లు ఆవిరై ఉప్పు ముదరకుండా ఆమె చెంబుతో మంచినీళ్లు కొంచెం కొంచెం పోసింది. అంతసేపూ ఇద్దరి తలలూ నా ముందే, నా అంకె మీదే. ఎవరో పెద్దమనిషి ఏసీ ఆగిపోయిందని ఫోన్ మీద ఫోన్ చేశాడు. “మా ఇంట్లో మడిసికి బాగోలేదు బాబూ, రేపొస్తాను” అన్నాడు జోగారావు, పువ్వు వైపు చూస్తూ.

మధ్యలో ఒకసారి మగ చేపను చూపించి, “అదేటే, అలగ ఊపుతోంది?” అని అడిగాడు.

“గుడ్లకి గాలి విసురుతోంది. అది వాటి తండ్రి. తిండి కూడా మానీసినాది.”

జోగారావు గాజుకు ముఖం ఆనించి చాలాసేపు చూశాడు. “ఇన్నాల్లూ దేనికోసం మిషను కట్టినానో ఇప్పుడు సూసినాను” అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. థర్మామీటర్లకు కన్నీళ్లు ఉండవు కాబట్టి ఊరుకున్నాను.

ఏడింటికి నేను ఇరవై తొమ్మిది దగ్గరకు దిగాను. “ఇరవై తొమ్మిది సెప్తన్నాడు” అన్నాడతను, ఏమీ తీసెయ్యకుండా. “అంటే ఇరవై ఏడు” అందామె. ఇద్దరూ నేల మీద చతికిలబడ్డారు.

పువ్వు దక్కలేదు. మూడో రోజున రాయి వదిలేసింది. కుళ్లితే ట్యాంకంతా పోతుందని నూకరత్నం దాన్ని గిన్నెలోకి ఎత్తి, పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టి, పసుపు కుంకుమలు కూడా చల్లింది. క్లౌన్ చేపలు రెండు రోజులు ఆ ఖాళీ రాయి చుట్టూ తిరిగాయి. నా రెండు డిగ్రీల ఖరీదు నేను కళ్లారా చూశాను. పుట్టుకతో వచ్చిన లోపం కదా అని సర్దిచెప్పుకోబోయాను గానీ, మనసు ఒప్పలేదు.

గుడ్లలో సగానికి పైగా తెల్లబడిపోయాయి. మిగిలినవి పొదిగి, ఓ అరవై పిల్లలు దీపం కింద ఆవగింజల్లా ఈదాయి. హేచరీలో నేర్చిన మేతలన్నీ పెట్టి, బొట్టు బొట్టుగా నీళ్లు మార్చి, ఆమె వాటి వెంటే ఉంది. వేడిలో పెరిగిన గుడ్ల పిల్లలు బలహీనంగా పుట్టాయి. రోజూ కొన్ని పోయేవి. ముప్పయ్యో రోజున మిగిలినవి పదకొండు. అప్పటికి ఒంటి మీద తెల్ల పట్టీ కూడా దిగింది. పదకొండే.

“ఎల్లొద్దులే” అంది నూకరత్నం. “ముప్పై అన్నారు సారు.”

“పదకొండూ సూపిద్దాం. దాసుకోడానికి ఇవేం దొంగసొమ్ము కాదు కదా” అన్నాడు జోగారావు. జూన్ ఆఖరి రోజున పిల్లల్ని సంచిలో వేసి, థర్మోకోల్ పెట్టెలో సర్ది, దారిలో వేడెక్కుతాయేమోనని నన్ను కూడా తోడు పెట్టి, ట్రాలీ ఆటోలో తీసుకెళ్లాడు.

చక్రధర్ గారు సంచి ఎత్తి వెలుతురులో లెక్కపెట్టారు. రెండోసారి లెక్కపెట్టారు.

“మిగతావి?”

“సచ్చిపోనాయి సారూ. నా వల్లే. తీసీసి రాస్తన్నానని మా ఆయనకి సెప్పలేదు.”

“దాని తప్పేం నేదండి” అన్నాడు జోగారావు గుమ్మంలోంచి. “పంపు నేనే ఎయ్యలేదు. రెండు తీసీసుకున్నాను.”

ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డుపడుతూ జరిగిందంతా చెప్పారు. చక్రధర్ గారు పెట్టెలోంచి నన్ను పైకి తీసి, కళ్లజోడు సర్దుకుని, గుర్తుపట్టారు. నవ్వబోయి మానేశారు.

“మంచిది నేను ఉంచుకుని వీణ్ణి నీకిచ్చాను” అన్నారు నెమ్మదిగా. “రెండు ఎక్కువని ఒక చీటీ రాసి అంటించినా సరిపోయేది. పద్దెనిమిదేళ్లు నాకు చెయ్యి రాలేదు.”

నన్ను గోడ మేకుకు తగిలించి, ఆయన ఒక కొత్త పుస్తకం తీసి నూకరత్నం ముందు పెట్టారు. మొదటి పేజీ కూడా ఖాళీగానే ఉంది.

“ఎన్ని చచ్చాయో ఎవడైనా రాస్తాడు. ఎందుకు చచ్చాయో రాయి. రేపు ఇక్కడ చేరే కొత్త పిల్లలకు కూడా అర్థం కావాలి.”

ఆమె చెమట చెయ్యి చీరకు తుడుచుకుని, పెన్ను పట్టుకుంది. నా గురించి రాసింది, పలక గురించి రాసింది, గంటకు ఒక్క గీత గురించి రాసింది. పేజీ నిండింది. కింద సంతకం పెట్టి, పక్కనున్న ‘హోదా’ అనే గడి దగ్గర ఆగిపోయింది. పిల్లలు చాలలేదని ఆమెకు తెలుసు. ఆ గడిలో రాయడానికి తన దగ్గర ఏమీ లేదు.

“ఇక్కడేటి రాయమంటారు సారూ?”

చక్రధర్ గారు జేబులు తడుముకుని, ఏదీ దొరక్క, పదకొండు పిల్లలున్న సంచి వైపు చూశారు.

“టెక్నీషియన్ అని రాయి. వాదించుకోవడం నా పని.”

ఆమె ఒక్కో అక్షరమే రాసింది. జోగారావు వంగి, పెదాలు కదుపుతూ చదివాడు. చదివి, గబగబా బయటికి వెళ్లి, శుభ్రంగానే ఉన్న ఆటో అద్దాన్ని తువ్వాలుతో తుడుస్తూ చాలాసేపు లోపలికి రాలేదు.